రెండేండ్ల చదువు, మూడుగంటల పరీక్ష

తెలంగాణ ప్రభుత్వమువారు 2023 ఏప్రిల్ నెలలో ఒక యుత్తరువు వెలువరించిరి. అంతకు పూర్వము ఇంజనీరింగు, వ్యవసాయ కళాశాలలలో ప్రవేశమునకై జరుగు ఎంసెట్ పరీక్షలో ర్యాంకు నిర్ణయించునపుడు ప్రవేశపరీక్ష మార్కులకు 75 వంతులు, ఇంటర్మీడియేటు మార్కులకు 25 వంతులు విలువ నిచ్చుచుండెడివారు. ఆ 25 వంతులును ఈ యుత్తరువుతో శాశ్వతముగ తొలగిపోయినవి. కరోనా యుపద్రవము వలన 2021లో ద్వితీయ సంవత్సర పరీక్షలు రద్దయి, మొదటి సంవత్సరపు మార్కులనే రెండవదానికిని వేసి పంపినప్పుడు, ఆ యేటికి మాత్రమని వీనిని విడిచిరి. మరుసటి యేడును అట్లే జరిగినది. మూడవయేట ఆపద్ధర్మమే ధర్మమై కూర్చుండినది. 2024 నుండి ఈఏపీసెట్ అను పేరుతో జరుగుచున్న ఈ పరీక్షకు అర్హత పొందుటకు సాధారణవర్గమువారు ఇంటరునందు తమ గ్రూపు సబ్జెక్టులలో 45 శాతము, రిజర్వేషను వర్గములవారు 40 శాతము తెచ్చుకొనిన చాలును. ఆ గడప దాటిన పిమ్మట 46 తెచ్చుకొన్నవాడును 98 తెచ్చుకొన్నవాడును ర్యాంకు లెక్కలో దాదాపు ఒక్కటియే.

ఉత్తరువు చిన్నది. దాని ఫలము చిన్నది కాదని మా యభిప్రాయము. ఏలన, పదునారేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల వయస్సున పిల్లలు ఏమి చదువవలయునో, ఎవరివద్ద చదువవలయునో, ఏది చదువకున్నను నష్టము లేదో నిర్ణయించునది పాఠ్యప్రణాళిక కాదు, ప్రవేశపు నియమము. ప్రభుత్వము దేనిని లెక్కించునో దానినే తల్లిదండ్రులు కొందురు, కళాశాలలు అమ్మును.

ఈ మాట యెంతవరకు నిజమో తెలియగోరువారు గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. అత్తాపూరు మీదుగ ఒకసారి పోయి వచ్చిన చాలును. మూసీనది దక్షిణపుటొడ్డున నొకప్పుడు పల్లెగా నుండిన ఈ యూరు నేడు నగరమున కలిసిపోయినది. శంషాబాదు విమానాశ్రయమునకు పోవువారి సౌకర్యార్థము మెహదీపట్నము నుండి ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల పొడవున కట్టి 2009లో తెరచిన పీవీ నరసింహారావు వంతెన దాని నడినెత్తిమీదుగ పోవుచున్నది. వంతెన స్తంభముల సంఖ్యలే అచ్చటివారికి విలాసములు. ఆ స్తంభముల క్రింద, వానికి ఇరుప్రక్కలను, ర్యాంకులు వచ్చిన బాలబాలికల ముఖచిత్రములతో పెద్దపెద్ద ప్రకటన పలకలు. వాని వెనుక అంగళ్లపైని అంతస్తులలో జూనియరు కళాశాలలు. ఆటస్థలము కానరాదు. తెల్లవారక మునుపే పసుపుపచ్చని బస్సులలో దిగిన పిల్లలు దీపములు పెట్టిన పిమ్మటగాని వెలుపలికి రారు. అదే దారిని దక్షిణముగ శంషాబాదు చుట్టుపట్ల పల్లెలనుండి ప్రభుత్వ జూనియరు కళాశాలలకు వచ్చు పిల్లలును కలరు. వీరికి రుసుము లేదు, హాస్టలు లేదు, నమూనా పరీక్షలు వారమునకు రెండుమారులు పెట్టువారును లేరు. సాయంకాలము ఇంటికి పోయి పశువులను కట్టివేయవలసినవారు వీరిలో నున్నారు. ఏప్రిల్‌లోనో మే నెలలోనో ఈ యిరుతెగలవారును ఒకే గణనయంత్రము ముందు కూర్చుందురు.

ఆ పరీక్ష స్వరూపమును గూర్చి రెండు మాటలు చెప్పుట యవసరము. ఇంజనీరింగు విభాగమున గణితము 80, భౌతికశాస్త్రము 40, రసాయనశాస్త్రము 40, వెరసి 160 ప్రశ్నలు. కాలము మూడుగంటలు. పంచిపెట్టినచో ఒక్కొక్క ప్రశ్నకు నిమిషముపైని ఏడున్నర సెకనులు వచ్చును. నాలుగు సమాధానములలో ఒకదానికి గుర్తు పెట్టవలయును. తప్పు పెట్టినందుకు శిక్ష లేదు. కావున తెలియని ప్రశ్నకు సైతము ఏదో యొక గుర్తు పెట్టి వచ్చుటయే వివేకము. ఈ పరీక్ష పనికిమాలినదని మేము అనము. చుఱుకుదనమును, అభ్యాసమును ఇది తూచగలదు. కాని ఒక లెక్కను ఆరంభమునుండి తుదివరకు కారణసహితముగ వ్రాయగలడా, ప్రయోగశాలలో లోలకమును చేతబట్టి దాని యూగుకాలమును కొలిచినాడా, విషయమును తన మాటలలో ఒక పుటకు మించకుండ వివరింపగలడా అను ప్రశ్నలకు ఇందు తావు లేదు. వానికి తావుగల పరీక్ష ఇంటర్మీడియేటు. గణితమునకు 300, భౌతిక రసాయన శాస్త్రములకు ప్రయోగపరీక్షలతో కూడ చెరి 150, కలసి 600 మార్కులకు విద్యార్థి రెండేండ్ల కాలమున విడివిడిగ సమాధానము చెప్పుకొనుచు వచ్చును. ఆ 600 మార్కులకే మునుపు 25 వంతుల విలువ యుండెడిది. నేడు వానికి గడప విలువ మాత్రము మిగిలినది.

ఫలితము ఊహింపదగినదే. పాఠములు మానివేసి ప్రశ్నలు మాత్రము సాధన చేయించు కళాశాలకు నష్టము లేదు, లాభము కలదు. ప్రయోగశాల తెరచుట కాలహరణము. భాషాబోధన మరియు కాలహరణము. పాఠము చెప్పుటనే నమ్ముకొన్న ప్రభుత్వ కళాశాల ఉపన్యాసకుడు తన శిష్యులకు చేసిన మేలు ర్యాంకుపట్టికకు ఎక్కదు. ఇందలి వింత యేమనగా, బీయే, బీకాం, బీయెస్సీ తరగతులకు 2016 నుండి దోస్తు ద్వారా జరుగు ప్రవేశములకు ఇంటరు మార్కులే ఆధారము. అనగా ఒకే బోర్డు, ఒకే సమాధానపత్రము, ఒకే మార్కు. చరిత్రగాని వాణిజ్యముగాని చదువబోవువానికి అది ప్రమాణము, ఇంజనీరు కాబోవువానికి అది కాదు. కృష్ణకు ఆవలియొడ్డున మఱియొక వింత. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారును 2021, 2022 సంవత్సరములలో ఈ వెయిటేజిని నిలిపిరి. 2023లో మరల 25 వంతులను పునరుద్ధరించిరి. ఆ వ్యాధియే, ఆ మందే. ఒకరు రోగి కోలుకొనగనే మందు మాన్పించి భోజనము పెట్టిరి, మనవారు భోజనమునే మాన్పించిరి.

ప్రభుత్వపక్షమున చెప్పదగినదేదియు లేదని మేము వాదింపము. ఉన్నది, బలముగనే యున్నది. ఇంటరుబోర్డువారి మార్కులను, కేంద్రబోర్డువారి మార్కులను, ఇతర రాష్ట్రముల బోర్డులవారి మార్కులను ఒకే త్రాసున వేయుట న్యాయము కాదు. ఒకచోట చేయి ఉదారము, ఒకచోట పిసినారి. ప్రయోగపరీక్షలలో ఉపకరణములు చూడని కళాశాలల పిల్లలకు సైతము 30కి 30 పడుచున్న సంగతి ఎఱుగనివారెవరు? భాషల సంగతి చెప్పుకొనవలసివచ్చినచో సిగ్గుపడవలయును. గీర్వాణమునందు మాకు గల భక్తి యింతంత కాదు. అయినను మార్కులు సులభముగ రాలునను ఒక్క కారణమున తెలుగును విడిచి సంస్కృతమును ద్వితీయభాషగ గైకొని, నూటికి 99 తెచ్చుకొని, ఒక్క శ్లోకమునకు పదచ్ఛేదము చేయలేని వేలాది బాలబాలికలను జూచినప్పుడు, ఇది సంస్కృతమునకు జరిగిన గౌరవమో తెలుగునకు జరిగిన యవమానమో తెలియక రెండింటికిని దుఃఖించుచున్నాము.

అన్నింటిని మించి 2019 ఏప్రిల్ 18వ తేదీ యున్నది. ఆనాటి ఇంటరు ఫలితములలో జరిగిన అవకతవకలు ఇంకను జనులు మరువలేదు. పరీక్ష వ్రాసినవారు తొమ్మిది లక్షలకు మించి. తప్పినట్లు ప్రకటింపబడినవారు మూడులక్షలకు పైని. పరీక్షకు హాజరైనవారికి గైర్హాజరని పడినది. ఒక బాలికకు తెలుగున సున్న వేసి, మరల చూడగా 99 అని తేలినది. ప్రభుత్వము నియమించిన త్రిసభ్యసంఘము లోపములను గుర్తించినది; తప్పినవారి సమాధానపత్రములన్నిటిని ఉచితముగ మరల పరిశీలింపవలసివచ్చినది. ఈలోపల ఇరువదిమందికి పైగ పిల్లలు తమ ప్రాణములు తీసికొనిరి. ఆ తల్లుల ముందు నిలిచి, ఇంటరు మార్కు పవిత్రమైనది, దానినే నమ్ముడని చెప్పుటకు ఎవరికిని నోరు రాదు.

అయిన ప్రవేశపరీక్ష మాత్రము కడిగిన ముత్యమా? 2016లో వైద్యవిభాగమునకు జరిగిన రెండవ ఎంసెట్ ప్రశ్నపత్రము ముందుగ బయటపడి, పరీక్ష రద్దయి, సెప్టెంబరులో మూడవ ఎంసెట్ పెట్టవలసివచ్చినది గదా! లోపము పద్ధతిది కాదు, నిర్వహణది. ఇంటరు పరీక్షయందు లోపము కనబడినప్పుడు ఆ పరీక్షనే లెక్కనుండి తీసివేయుట, ప్రవేశపరీక్షయందు లోపము కనబడినప్పుడు దానినే మరల నిర్వహించుట, ఈ పక్షపాతమునకు కారణమేమో మాకు బోధపడలేదు. 2019 నేర్పిన పాఠము మార్కులను మానుమని కాదు, దిద్దుబాటును సరిచేయుమని.

ప్రవేశపరీక్ష పరదేశమునుండి వచ్చిన పిశాచమని వాదించు మిత్రులు కొందఱున్నారు. వారితో మేము ఏకీభవింపము. నలందాద్వారమున కూర్చుండిన పండితుడు వచ్చిన విద్యార్థిని ప్రశ్నలతో నిలబెట్టి, పదిమందిలో ఏడెనమండుగురను వెనుకకు పంపుచుండెనని ఏడవ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగు వ్రాసిపెట్టినాడు. మిథిలయందు తాళపత్రగ్రంథమును సూదితో గ్రుచ్చి, సూది తాకిన కడపటి పత్రమును వ్యాఖ్యానింపుమని యడుగు శలాకాపరీక్ష యుండెడిదని సంప్రదాయము చెప్పుచున్నది. మన దేశమునకు పరీక్ష క్రొత్త కాదు. కాని నలందాద్వారపండితుడు విద్యార్థి నోటితో మాటలాడించినాడు. శలాక గుచ్చినవాడు సంవత్సరముల తరబడి ఆ శిష్యునికి ఆ గ్రంథమునే చెప్పిన గురువు. నాలుగు గడులలో ఒకదానిని నొక్కి పొమ్మనలేదు.

ఎంసెట్ పుట్టుకకు మాత్రము మంచి కారణమే యున్నది. డెబ్బదులు, ఎనుబదులలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు క్యాపిటేషను పేర చందాలు గుంజి సీట్లు అమ్ముకొనుచుండగా, దానిని నిషేధించుచు 1983లో ఉమ్మడి రాష్ట్రశాసనసభ ఒక చట్టము చేసినది. ఆ చట్టమే ప్రవేశములకు అర్హతపరీక్ష మార్కులనో ప్రవేశపరీక్ష ర్యాంకునో ప్రాతిపదికగ చెప్పినది. 1986 నుండి ఎంసెట్ జరుగుచున్నది. ధనికుని సంచికి అడ్డుకట్టగ పుట్టిన పరీక్ష అది. నలువదేండ్లు గడచునప్పటికి ఆ సంచి మఱియొక త్రోవ కనుగొన్నది: సీటు కొనుటకు మారుగ ర్యాంకును కొనుట. అత్తాపూరు వంతెన క్రింద అమ్ముడగుచున్నది అదియే. ఇంకొక విషయము. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో నూటికి 30 సీట్లు యాజమాన్యమువారి వంతు. అందు ప్రవాస భారతీయుల భాగమునకు ర్యాంకుతో పనియే లేదు, ఇంటరునందు నిర్ణీతమగు మార్కులుండిన చాలును. బీదవాని యింటరు మార్కు నమ్మదగినది కాదు; డాలర్లతో కూడిన యింటరు మార్కు నమ్మదగినది! ఈ తర్కమును ఉన్నతవిద్యామండలివారు విప్పి చెప్పినచో విని సంతోషింతుము.

ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది కాదు. అమెరికా దేశమున పాఠశాల నాలుగేండ్ల గ్రేడులను చూచియే కళాశాలలు సీట్లు ఇచ్చును. కడపటి సంవత్సరపు అర్ధవార్షిక ఫలితములను తెప్పించుకొనును. సీటు ఇచ్చిన పిమ్మట ఆ బాలుడు చదువు మానివేసి గ్రేడులు పడగొట్టుకొనినచో ఇచ్చిన సీటును వెనుకకు తీసికొనుటయు కలదు. కడపటి యేట పిల్లలకు పట్టు సోమరితనమునకు వారు సీనియరైటిస్ అని జబ్బుపేరే పెట్టుకొనిరి. 2007లో సాల్ గైసర్, మరియా వెరోనికా శాంటెలిసెస్ అను పరిశోధకులు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల ఫలితములను పరిశీలించి, నాలుగేండ్ల పిమ్మట ఎవరు నిలుతురో చెప్పుటకు ప్రవేశపరీక్షకంటె పాఠశాల గ్రేడులే మేలైన గుఱుతులని తేల్చిరి. ఎదుటిపక్షపు సాక్ష్యమును దాచుట మా యాచారము కాదు కనుక అదియు చెప్పుచున్నాము: ఆ విశ్వవిద్యాలయముననే 2020లో అధ్యాపకసంఘమొకటి ఇటీవలి సంవత్సరములలో ప్రవేశపరీక్షకే బలము హెచ్చినదని చెప్పినది, మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ కరోనాకాలమున విడిచిన పరీక్షను 2022లో మరల పెట్టినది. రెండింటిని కలిపి చూచుటయే వివేకమని ఈ తగవు చెప్పకయే చెప్పుచున్నది. మన పొరుగున కర్ణాటకమువారు ఇంజనీరింగునకు రెంటికిని సగము సగము విలువ నిచ్చుచున్నారు.

మార్కులనే నమ్ముకొనినచో ఏమగునో తమిళనాడు చూపినది. 2006లో చేసిన చట్టముతో వారు ప్రవేశపరీక్షను ఎత్తివేసి, పండ్రెండవతరగతి మార్కులతోనే ఇంజనీరింగు సీట్లు నింపుచున్నారు. పల్లెపిల్లలకు మేలు జరుగునని తలచిరి; కొంత జరిగినది. కాని ప్రభుత్వ పాఠశాలలవారు అప్పటికిని వెనుకబడియే యుండుటచే 2020లో వైద్యమునకు, 2021లో ఇంజనీరింగునకు వారికై ప్రత్యేకముగ 7.5 శాతము సీట్లు కేటాయింపవలసివచ్చినది. మార్కులను సైతము కొనవచ్చునని దీనివలన తెలియవలసినది. కావున వెనుకటి 25 వంతులను వెనుకటివలెనే తెచ్చిపెట్టుడని మేము కోరుటలేదు. ఆ 25 వంతులలోను అత్తాపూరువాడే ముందుండెను.

మేము కోరునది వేఱు. ఇంటరు మార్కును రాష్ట్రమంతటి మార్కులతో పోల్చుట మాని, ఆ బాలుడు తన కళాశాలలో, తనతోడి పిల్లలలో ఎన్నవస్థానమున నున్నాడో దానిని లెక్కింపుడు. ఇరువదిమంది పిల్లలు, ఇద్దరు ఉపన్యాసకులు, ఒక విరిగిన తుల గల కళాశాలలో మొదటివాడుగ నిలిచిన బాలుడు, నాలుగువందలమంది పిల్లలు, నలువదిమంది శిక్షకులు గల కళాశాలలో మొదటివాడుగ నిలిచిన బాలునికి ఆ భాగమున సమానుడు కావలయును. తక్కిన 75 వంతులకు ప్రవేశపరీక్ష ఉండనే యున్నది. అచ్చట చుఱుకుదనమును తూచుకొందురు గాక.

ఇది గాలిలో కట్టిన మేడ కాదు. బాసరయందు 2008లో వెలసిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవతరగతి ఫలితములనుబట్టియే పిల్లలను చేర్చుకొనుచు, ప్రభుత్వ పాఠశాలలవారి గ్రేడుపాయింటుకు 0.4 కలుపు నియమము పెట్టుకొన్నది. అత్తాపూరునకు కూతవేటు దూరమున రాజేంద్రనగరునందలి వ్యవసాయ విశ్వవిద్యాలయము, కనీసము నాలుగేండ్లు పురపాలక సంఘములకు వెలుపల చదివిన రైతుబిడ్డలకు సీట్లలో భాగము ఏర్పరచినది. అత్తాపూరు వంతెన ఎవరి పేర వెలసినదో ఆ పీవీ నరసింహారావుగారు ముఖ్యమంత్రిగ 1971లో సర్వేలు గురుకులమును, కేంద్రమంత్రిగ ఆ పిమ్మట నవోదయ విద్యాలయములను స్థాపించినప్పుడు పాటించిన సూత్రమును ఇదియే. నవోదయకు ప్రవేశపరీక్ష కలదు. కాని జిల్లా పిల్లలను ఆ జిల్లా పిల్లలతోనే పోల్చుదురు, సీట్లలో కనీసము 75 శాతము గ్రామీణులకు ఉంచుదురు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమువారు 1997లో ఒక చట్టము చేసి, ఏ పాఠశాలయైనను సరే అందు మొదటి పదవవంతున నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో తప్పక చోటు కల్పించిరి. బోర్డుల తారతమ్యము అడ్డమను వాదమునకును సమాధానము మనదేశముననే యున్నది. 2013 మొదలు 2016 వరకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థల ప్రవేశములకు పండ్రెండవతరగతి మార్కులకు 40 వంతుల విలువ యుండెను. ఏ బోర్డు పిల్లలను ఆ బోర్డు పిల్లలతోనే పోల్చి, వారి స్థానమునుబట్టి మార్కును సరిచేసిరి. 2017లో దానిని విడిచిన మాట నిజమే. కాని అట్లు లెక్క కట్టుట అసాధ్యమని మాత్రము ఎవరును చెప్పజాలరు.

ఇట్టి లెక్కయందు ఒక ప్రమాదము కలదు. 2020లో ఇంగ్లండునందు పరీక్షలు జరుగనందున ఒక గణనసూత్రముతో గ్రేడులు వేసిరి. ఆ సూత్రము పాఠశాల గతచరిత్రను పిల్లవాని మెడకు కట్టినది. వెనుకటివారు తప్పిన పాఠశాలలో తెలివైన పిల్లవానిని సైతము క్రిందికి ఈడ్చినది. ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడులలో నూటికి దాదాపు 40 తగ్గిపోయినవి. పిల్లలు వీధులకెక్కిరి, ఆగస్టు 17న ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొన్నది. మేము చెప్పునది అందుకు సరిగ వ్యతిరేకము. బీదకళాశాల చరిత్ర పిల్లవానిని క్రిందికి లాగరాదు. ఆ బీదతనములోను అతడు ఎంత ఎత్తు లేచెనో అది కనబడవలయును.

దొంగదారులు పుట్టవా యని యడుగుదురు. పుట్టును. టెక్సాసున కొందఱు తల్లిదండ్రులు పిల్లలను పోటీ తక్కువగల పాఠశాలలకు మార్చినట్లు అచ్చటి ఆర్థికశాస్త్రజ్ఞులు గమనించిరి. మనవారు అంతకంటె చతురులు. పేరు ఒక కళాశాలలో, శరీరము మఱియొక శిక్షణాలయములో నుంచు విద్య మనకు ఇప్పటికే వచ్చును. దానికి కట్టడి యున్నది. రెండేండ్లును ఒకే కళాశాలలో హాజరు వేయించుకొన్నవానికే ఈ 25 వంతులు వర్తింపజేయవలయును. ప్రయోగపరీక్షలు కళాశాలకు సంబంధింపని పరీక్షకుల యెదుట జరుగవలయును. పట్టుమని పదిమంది లేని కళాశాలలను మండలమునకో జిల్లాకో ఒకటిగ చేర్చి లెక్కింపవలయును. అట్లు చేసిన పిమ్మట ఎవరైన తమ బిడ్డను నిజముగనే శంషాబాదు ప్రాంతపు ప్రభుత్వ కళాశాలలో రెండేండ్లు చదివింప దలచినచో, అంతకంటె ఆ కళాశాలకు కావలసినదేమి? పలుకుబడిగల తండ్రి యొకడు వచ్చి ఉపన్యాసకుల ఖాళీ ఏల నింపలేదని ప్రిన్సిపాలునడిగిన దినమున ఆ ఖాళీ నిండును.

ఇంకొక సంగతి చెప్పి విరమింతుము. వెనుకబడిన తరగతుల పిల్లలకు బోధనరుసుము పూర్తిగ చెల్లింపబడుట 10,000 లోపు ర్యాంకుతో ముడివడియున్నది. కావున ర్యాంకు పోవుటతో పోవునది మంచి కళాశాల మాత్రమే కాదు. ఇంట నున్న నాలుగు గుంటల భూమియు పోవచ్చును. ఇంతటి భారమును మోయు పట్టికను తయారుచేయువారు ఆ పట్టికలో ఎవరెవరున్నారో ప్రజలకు చెప్పవలసిన బాధ్యత కలవారు. 2023 ఉత్తరువునకు ముందు మూడేండ్లు, పిమ్మట మూడేండ్లు, మొదటి పదివేల ర్యాంకులలో ప్రభుత్వ జూనియరు కళాశాలలవారెందఱు, గురుకులములవారెందఱు, తెలుగు మాధ్యమమువారెందఱు, బాలికలెందఱు, నగరమునకు వెలుపలివారెందఱు? ఈ యంకెలన్నియు ఇంటర్మీడియేటు బోర్డువారి వద్దను, పరీక్షను జరుపు జేఎన్‌టీయూవారి వద్దను భద్రముగ నున్నవి. వానిని కలిపి ప్రకటించుటకు క్రొత్త చట్టము అక్కరలేదు, సంఘము అక్కరలేదు, ఒక గుమాస్తాకు వారము దినముల పని. రాబోవు ఈఏపీసెట్ ప్రకటన వెలువడుటకు పూర్వమే విద్యాశాఖవారు ఆ పట్టికను శాసనసభ ముందుంచవలెనని మేము కోరుచున్నాము.